వలస కేసుల విచారణ: గదిలో చూడటమా, ఫోనులో వినటమా, తెర మీద చూడటమా?

2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే పెట్టిన నకిలీ సంస్థ అని బయటపడింది. పట్టుబడిన విద్యార్థుల్లో తెలుగు పిల్లలు చాలామంది. వరంగల్‌లోనో గుంటూరులోనో ఉన్న తల్లిదండ్రులకు ఇలాంటప్పుడు ఒకటే ఆరాటం: కోర్టులో ఏమి జరుగుతోంది? అమెరికా కోర్టుల తలుపులు తెరిచే ఉంటాయి, నిజమే. అయితే ఆ గుమ్మం దాకా వెళ్లగలిగిన వాళ్లకే. ఇంత సాంకేతికత ఉండగా ఫోనులో విననిస్తే సరిపోదా అంటారు. ఆ ఫోను ఆ విద్యార్థి తల్లి ఒక్కతే ఎత్తదు, ఊరంతా ఎత్తుతుంది. చిక్కు అక్కడే.

ముందు కోర్టు గది సంగతి. ఇమ్మిగ్రేషన్ కోర్టులు న్యాయశాఖ కింద నడుస్తాయి. వాటి విచారణలు సాధారణంగా బహిరంగమే. ఆశ్రయం కోరిన వ్యక్తి అడిగితే తలుపులు మూస్తారు. మూయమంటారా అని జడ్జే అడగాలన్నది నిబంధన. భర్త చేతిలో హింసకు గురైన భార్య కేసులో లెక్క తిరగబడుతుంది: ఆమె ఒప్పుకుంటే తప్ప తలుపు తెరవరు. నాకు ఈ రెండో పద్ధతే నచ్చుతుంది. భయంతో వణికే మనిషిని నోరు తెరిచి అడగమనడం కన్నా, అడగకుండానే రక్షణ ఇవ్వడం మేలు.

గదికి ఇంకో గుణం ఉంది. అక్కడ విన్న మాట సాధారణంగా అక్కడే ఉంటుంది. వినాలనుకున్నవాడు సెలవు పెట్టుకొని, తనిఖీ దాటి, బల్ల మీద కూర్చోవాలి. ఆ శ్రమే కాపలా. ప్రభుత్వంపై వేసే వలస వ్యాజ్యాలు ఇమ్మిగ్రేషన్ కోర్టులకు కాక మామూలు ఫెడరల్ కోర్టులకు వెళ్తాయి. అక్కడ సివిల్ కేసుల్లో దాఖలైన కాగితాలకూ 2007 డిసెంబరు నుంచి ఇదే పద్ధతి. బహిష్కరణ, నిర్బంధం, వీసా వంటి వలస వ్యాజ్యాల్లో డాకెట్టునీ (కేసులో ఏ రోజు ఏమి జరిగిందో చెప్పే జాబితా), కోర్టు ఉత్తర్వులనీ ఎవరైనా ఇంట్లోంచి చూడవచ్చు. అర్జీలూ ప్రమాణపత్రాలూ మాత్రం కక్షిదారులకూ వాళ్ల లాయర్లకూ తప్ప మరెవరికీ ఇంటర్నెట్టులో కనబడవు. మిగతావాళ్లు కోర్టుకు వెళ్లి అక్కడి కంప్యూటర్‌లో చదువుకోవాలి.

అలాగని గదే చాలంటే ఒప్పుకోను. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత 'ప్రత్యేక ఆసక్తి' అన్న ముద్ర వేసి, వందల వలస విచారణలను మొత్తంగా మూసేశారు. 2002లో దీని మీద రెండు అప్పీలు కోర్టులు రెండు రకాలుగా తీర్పు చెప్పాయి. మూసిన తలుపుల వెనుక ప్రజాస్వామ్యాలు చచ్చిపోతాయని ఆరో సర్క్యూట్ అనే అప్పీలు కోర్టులో జడ్జి డేమన్ కీత్ రాశారు. మూయవచ్చని మూడో సర్క్యూట్ అంది. బల్లలు ఖాళీగా ఉన్న గదికీ, మూసిన గదికీ ఆట్టే తేడా ఉండదు.

ఇక తెర, అంటే వీడియో ప్రసారం. దాని బలం కాదనలేనిది. 2023 అక్టోబరులో ఆశ్రయం కోరినవారిని రువాండాకు పంపడంపై బ్రిటన్ సుప్రీంకోర్టు విన్న వాదనలను ఎవరైనా ప్రత్యక్షంగా చూడగలిగారు. అర్జీదారుల పేర్లు మాత్రం 'ఏఏఏ' వంటి అక్షరాల వెనుక ఉండిపోయాయి. అక్కడ మాట్లాడింది లాయర్లు, బాధితులు కాదు. కాబట్టి ఏ ముప్పూ రాలేదు. అదే కెమెరాను సాక్షి ముందు పెట్టి చూడండి. మన దగ్గర హైకోర్టుల ప్రసారాల్లోంచి ముక్కలు కత్తిరించి, 'జడ్జి ఆగ్రహం' అని ఎర్రక్షరాలు అంటించి తిప్పేవాళ్లను చూస్తూనే ఉన్నాం. ఆశ్రయం కోరే మనిషి ముఖం ఒకసారి అలా తిరిగితే, తను పారిపోయి వచ్చిన ఊరికి అది తనకన్నా ముందే చేరుతుంది.

అమెరికాలో తక్కువమంది మాట్లాడే భాషల వాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. దుబాసీ తెలుగు అని ప్రకటించగానే, మారుపేరు సగం చిరిగిపోతుంది. ఆ యాస, ఆ జిల్లా, 'మా మామగారు' అన్న తీరు... అమెరికాలో ఆ నగరపు తెలుగువాళ్లలో ఒక్కరు వింటే చాలు, రాత్రికల్లా వాట్సాప్ గ్రూపులో పేరు వచ్చేస్తుంది. స్పానిష్ మాట్లాడేవాళ్లకు జనసమ్మర్దమే కొంత ముసుగు. మనకు ఆ ముసుగు లేదు.

మధ్యేమార్గం ఫోను. 2017 ఫిబ్రవరి 7న, కొన్ని ముస్లిం దేశాలవాళ్లను రానివ్వకుండా ట్రంప్ పెట్టిన ప్రయాణ నిషేధంపై తొమ్మిదో సర్క్యూట్ విచారణ ఫోనులోనే సాగింది. యూట్యూబులో లక్షమందికి పైగా విన్నారు. ప్రభుత్వ లాయరును జడ్జీలు ఎలా నిలదీశారో ప్రజలకు చేరింది, ఏ వలసదారుడి కథా బయటపడలేదు. 2020 మే నుంచి అమెరికా సుప్రీంకోర్టు వాదనలను కూడా ప్రత్యక్షంగా వినవచ్చు. కింది ఫెడరల్ కోర్టుల్లో కొవిడ్ నాటి వెసులుబాటు ముగిశాక, 2023 సెప్టెంబరులో కొత్త విధానం వచ్చింది: సివిల్ కేసుల్లో ట్రయల్ కాని, సాక్ష్యం లేని విచారణలకు జడ్జి ఇష్టపడితే శబ్దప్రసారం ఇవ్వవచ్చు. సాక్షి నోరు విప్పే చోట లేదు.

ఆ గీత సరైన చోటే గీశారనిపిస్తుంది. 2025 వసంతంలో వేలమంది విదేశీ విద్యార్థుల హోదా రికార్డులను ప్రభుత్వం ఉన్నట్టుండి రద్దు చేసినప్పుడు, చాలామంది 'డో' అనే మారుపేరుతో (అసలు పేరు దాచుకునేవాళ్లకు అమెరికా కోర్టుల్లో వాడే పేరు) దావాలు వేశారు. ఏ ఆధారంతో రద్దు చేశారని జడ్జి ప్రభుత్వాన్ని అడిగిన చోట, అదే గతి పట్టిన వేలమందికి ఆ జవాబు కావాలి. దానికి ముఖాలు అక్కర్లేదు. అందుకే లాయర్ల వాదనలకు నా ఓటు ఫోనుకే. ఇష్టపడితే కాదు, ఇచ్చి తీరాలి. సాక్ష్యానికి మాత్రం గదే. కెమెరా పై కోర్టుల్లో ఉంటే ఉండనివ్వండి. ఇక రాతపూర్వక ఉత్తర్వులు ఎలాగూ అందరికీ అందుతాయి, ఆలస్యంగానైనా.

మీవాళ్ల కేసులో శబ్దప్రసారం ఉందో లేదో ముందు లాయరును అడగండి. వేసవిలో న్యూయార్క్ ఉదయం 9 గంటలంటే మనకు సాయంత్రం ఆరున్నర. వినేటప్పుడు రికార్డు మీట నొక్కకండి, అది నిషేధం. ఫోను స్పీకరులో పెట్టి పక్కింటివాళ్లను పిలవకండి, అది నా మనవి.