బేగంపేట నుంచి గోదావరి దాకా డకోటాలో

కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం కొత్తగా విడుదలైన డీసీ-3 విమానాన్ని పోయిన వారం కొన్నాను. డీసీ-3 అంటే తెలియనివాళ్ళకి కూడా డకోటా అంటే తెలుస్తుంది. ముక్కుతూ మూలుగుతూ నడిచే పాత బండిని మనం డకోటా అంటాం కదా, ఆ పేరు దీనిదే. మూడు సాయంత్రాల్లో బేగంపేట నుంచి గన్నవరం, అక్కడి నుంచి రాజమండ్రి, చివరికి విశాఖ వెళ్ళాను. కుర్చీ మాత్రం బోయిన్‌పల్లిలో మా ముందుగదిలోనే ఉంది. పక్క కుర్చీలో మా మామయ్య. ఆయనది రాజమండ్రి, హైదరాబాద్ వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. "ఒరేయ్, గోదావరిని పైనుంచి చూపిస్తావా?" అని అడిగారు. అందుకే ఈ దారి.

ముందు శంషాబాద్ నుంచి బయల్దేరి చూశాను. ఈ విమానానికి ఆ ఎయిర్‌పోర్టు వద్దు. మూడో చక్రం తోక కింద ఉండే బండి కాబట్టి నేల మీద ఉన్నంతసేపూ ముక్కు ఆకాశం వైపే ఉంటుంది, ఎదురుగా ఏమీ కనపడదు. పాములా అటూ ఇటూ తిప్పుతూ, పక్క కిటికీలోంచి దారి చూసుకుంటూ పోవాలి. నాలుగు కిలోమీటర్లు దాటిన రన్‌వే ఉన్న చోట రన్‌వే దాకా వెళ్ళే టాక్సీవేల మీద అలా వెళ్ళడానికే ఓపిక అయిపోతుంది.

బేగంపేట వేరు. ఇది డకోటాల సొంత ఊరు. నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఇక్కడి నుంచే ఈ విమానాలు నడిపింది. మన దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగం ఇచ్చింది ఆ కంపెనీయే. 1953లో జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక బేగంపేటకి మామూలు ప్రయాణికుల విమానాలు రావడం ఆగిపోయింది. సిమ్యులేటర్‌లో మాత్రం రన్‌వే, పార్కింగ్ అన్నీ ఉన్నాయి, మనం ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీగా దొరుకుతాయి.

ఈ విమానానికి పెట్టిన డబ్బు ఇంజిన్లు స్టార్ట్ చేసేటప్పుడే గిట్టింది. ఒక్కో ఇంజిన్‌లో 14 సిలిండర్లు, 1,200 హార్స్‌పవర్. బటన్ నొక్కితే స్టార్టయ్యేది కాదు. ఇంజిన్‌లోకి కొంచెం పెట్రోల్ చిమ్మే ప్రైమర్ కొట్టి, స్టార్టర్ పట్టుకుని, కిటికీలోంచి ప్రొపెల్లర్ రెక్కలు లెక్కపెట్టాలి. మామయ్య పైకే లెక్కపెట్టారు. తొమ్మిది అనగానే నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు ఆన్ చేశాను. ముందు ఒక సిలిండర్ దగ్గింది, తర్వాత రెండు, నీలంపొగ రెక్క మీదుగా వెనక్కి పోయింది, ఆ తర్వాత అన్నీ కలిసి ఒకే శబ్దంలోకి వచ్చాయి. ఆయిల్ వేడెక్కేదాకా ఆగాలి. తొందరపడి పవర్ ఇస్తే ప్రెషర్ ముల్లు గీత దాటుతుంది. గాల్లోకి లేచాక చక్రాలు పైకి లాగడం కూడా ఒక పనే. ముందు కింద ఉన్న లాచ్ తీయాలి, తర్వాత హైడ్రాలిక్ లివర్. కుడివైపు కిటికీలో హుస్సేన్ సాగర్ వచ్చింది. నేను లివర్‌తో కుస్తీ పడుతుంటే బుద్ధుడి విగ్రహాన్ని చూసింది మామయ్యే.

ఆ సాయంత్రం, సిమ్యులేటర్ వాళ్ళంతా కలిసి ఎగిరే ఆన్‌లైన్ నెట్‌వర్క్ వాట్సిమ్‌లో హైదరాబాద్ కంట్రోలర్ ఆన్‌లైన్‌లో ఉన్నారు. జీతం లేకుండా ఇష్టంతో చేసేవాళ్ళు వీళ్ళు. నెమ్మది విమానమని చెప్పగానే 7,500 అడుగుల్లో సూటిగా విజయవాడ వైపు పంపించారు. సిమ్యులేటర్‌తో వచ్చే కంప్యూటర్ కంట్రోలర్ అయితే అంతకుముందు రోజు 15,000 అడుగులు ఎక్కమన్నాడు. క్యాబిన్‌లో గాలి ప్రెషర్ లేని విమానంలో ప్రయాణికుల్ని పెట్టుకుని అంత ఎత్తు ఎక్కకూడదు. మనిషి గొంతు దొరికిన రోజున దానికే ప్రాధాన్యం ఇవ్వండి.

గన్నవరానికి గంటా పది నిమిషాలు పట్టింది. రన్‌వే 26 మీద దిగేటప్పుడు ఎడమ నుంచి జూలై గాలి. చక్రాలు మెత్తగానే ఆనాయి, నేను ఊపిరి పీల్చుకుని ముక్కుని అటూ ఇటూ తిప్పే రడ్డర్ పెడల్ వదిలాను. తోకచక్రాన్ని సూటిగా పట్టి ఉంచే లాక్ వేయడం మర్చిపోయాను. ముక్కు గాలి వైపు తిరిగి, విమానం గడ్డిలోకి పోయింది. ఈ విమానాన్ని పూర్తిగా ఆపేదాకా నడుపుతూనే ఉండాలి. రడ్డర్ పెడల్స్ లేనివాళ్ళు ముందు అవి కొనుక్కుని, తర్వాత దీన్ని కొనండి. రాత్రి హాల్ట్‌కి గన్నవరం బాగుంది. విమానాలు నిలిపే ఆప్రాన్ విశాలం, లైట్లు సరిగ్గా ఉన్నాయి. విమానాన్ని వదిలిన చోటే, వదిలిన పెట్రోల్‌తోనే మర్నాడు దొరికింది. సిమ్యులేటర్‌కి విడిగా కొనే ఇలాంటి చాలా యాడాన్‌లలో ఈ సౌకర్యం ఉండదు.

రెండో సాయంత్రం దూరం తక్కువ, పని ఎక్కువ. ఏలూరు దాటాం, కుడివైపు కొల్లేరు మబ్బుల సందుల్లోంచి కనపడుతోంది. నేను థ్రాటిల్ ముట్టుకోలేదు, కానీ ఎడమ ఇంజిన్ ఎంత పవర్ ఇస్తోందో చెప్పే మానిఫోల్డ్ ప్రెషర్ 28 నుంచి 26కి, 25కి జారింది. "శబ్దం మారిందిరా" అన్నారు మామయ్య. బయట 18 డిగ్రీలు, మంచు అన్న ఆలోచనే రాదు. కానీ కార్బురేటర్‌లో పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు గాలిని బాగా చల్లబరుస్తుంది. తేమ నిండిన వానాకాలపు గాలి అయితే లోపల మంచు పేరుకుంటుంది. కార్బురేటర్‌లోకి వేడిగాలి పంపే కార్బ్ హీట్ లివర్ లాగాను. ఇంజిన్ ఇంకా ఎక్కువగా దగ్గింది, టెన్షన్‌తో నా చెయ్యి లివర్ మీదే ఉండిపోయింది. అర నిమిషం తర్వాత ముల్లు మెల్లగా పైకి లేచింది. ఈ ఒక్కటి ఇంత నిజంగా చేసినందుకు తయారుచేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. మాన్యువల్ మాత్రం పొట్టిగా ఉంది, ఈ సంగతి అందులో ఒక్క వాక్యంలో తేల్చేశారు.

కొవ్వూరు దగ్గర గోదావరి వచ్చింది. వంతెనలున్నాయి కానీ ఆర్చి వంతెనకి కమానులు లేవు, నీళ్ళ మీద బల్లపరుపు రోడ్డు గీసినట్టుంది. ఉపగ్రహం ఫొటో ఎండాకాలంలో తీసినట్టున్నారు, లంకలన్నీ తేలి, ఇసుక తెల్లగా మెరుస్తోంది. "ఈ రోజుల్లో ఎర్రనీళ్ళు వచ్చేస్తాయిరా, ఇంత ఇసుక ఎక్కడుంటుంది" అన్నారు మామయ్య. అన్నారు గానీ కళ్ళు తిప్పలేదు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన చోట ఇప్పుడున్న ధవళేశ్వరం బ్యారేజీ కుడివైపు సన్నని గీతలా ఉంది. స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇక్కడ మా రేవు, ఇదిగో, మేం ఈదింది ఇక్కడే" అని చూపించారు. రాజమండ్రి ఎయిర్‌పోర్టు ఉన్న మధురపూడిలో రన్‌వే 23 మీద ఈసారి తోకచక్రం లాక్ వేసే దిగాను. ఎయిర్‌పోర్టు భవనం సాదాసీదాగా, ఏ ఊరికైనా పెట్టదగ్గ పెట్టెలా ఉంది. హాల్ట్‌గా చూస్తే గన్నవరమే మెరుగు.

విశాఖ గురించి ఎక్కువ చెప్పను. సముద్రం వైపు నుంచి దిగితే డాల్ఫిన్స్ నోస్ కొండ అందంగానే కనపడుతుంది, కానీ నగరమంతా ఒకే అచ్చులో పోసిన భవనాలు. చీకటి పడ్డాక చుట్టూ కొండల మధ్య ఈ విమానంతో దిగాలని చూడకండి.

నాలుగో సాయంత్రం మామయ్య చెప్పకుండానే వచ్చి కూర్చున్నారు. తిరుపతి వెళ్దామా అని అడిగితే వద్దన్నారు. మధురపూడి నుంచే లేచి, 1,500 అడుగుల్లో, ఇంజిన్లు చల్లబడేందుకు కౌల్ ఫ్లాప్స్ కొంచెం తెరిచి, నది మీద నాలుగు చుట్లు తిరిగాం. ప్రతి చుట్టులోనూ రేవు దగ్గరికి రాగానే ఆయన "కొంచెం ఎడమకి వంచు" అనేవారు. వంచాను.