యు-73122: మందు మంచిదే, దాని జోడీని మాత్రం పూర్తిగా నమ్మకండి

శాన్‌డియాగోలో సీ అర్చిన్ (ముళ్లబంతిలాంటి సముద్రజీవి) గుడ్ల మీద పనిచేస్తున్నాను. ఫలదీకరణలో ఫాస్ఫోలైపేజ్-సి అనే ఎంజైమ్ పాత్ర తేల్చాలంటే అందరూ ముందు తెప్పించేది దాన్ని ఆపే ఈ మందునే. నా మార్కులు ఐదుకి మూడున్నర.

ముందు మంచి మాట. లైటెకైనస్ పిక్టస్ అనే సీ అర్చిన్ జాతి గుడ్లు గాజులా తేటగా ఉంటాయి కాబట్టి తేడా కంటికే కనిపిస్తుంది. మామూలు గుడ్డుకి శుక్రకణం తగిలాక కాసేపటికే క్యాల్షియం అల ఈ పక్క నుంచి ఆ పక్కకి పాకుతుంది, వెనకే చుట్టూ పొర లేస్తుంది. మందు పెట్టిన గుడ్ల చుట్టూ శుక్రకణాలు ముసిరి తోకలాడిస్తూనే ఉంటాయి, పొర మాత్రం లేవదు. ఎంజైమ్ ఆగితే ఐపీ3 అనే సంకేత అణువు తయారవదు, అది లేకపోతే లోపలి క్యాల్షియం బయటికి రాదు. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు.

ఇక జోడీ సంగతి, అంటే పోల్చి చూడటానికి వాడే మందు. కంట్రోల్‌గా అమ్మే యు-73343 దాదాపు అదే అణువు, తేడా ఒక్క డబుల్ బాండ్. ఆ బాండ్ వల్లే అసలు మందు ప్రోటీన్లలోని థయాల్ (గంధకం ఉన్న) గుంపులకి అతుక్కుంటుంది. జోడీకి ఆ గుణం లేదు. అంటే మందు వేరే ప్రోటీన్లకి అతుక్కుని చేసే గొడవని ఈ కంట్రోల్ పట్టుకోలేదు. అందుకే ఇంకో రెండు పరీక్షలు తప్పనిసరి. మందు పెట్టిన గుడ్డులోకి ఐపీ3 ఇంజెక్ట్ చేయండి. ఐపీ3 ఎక్కిస్తే సీ అర్చిన్ గుడ్డు మేల్కొంటుందని 1984లోనే శాస్త్రవేత్తలు విటేకర్, ఇర్విన్ చూపించారు. ఇంకొన్ని గుడ్లకి క్యాల్షియాన్ని పొరలు దాటించే ఎ23187 అయనోఫోర్ ఇవ్వండి. రెండిట్లోనూ పొర లేస్తే ఎంజైమ్ తర్వాతి దారి బాగానే ఉన్నట్టు. లేవకపోతే ఆ ఫలితాన్ని పక్కన పెట్టేయండి.

మార్కులు తగ్గించింది నిల్వ దగ్గర. తేమ పడదు. ఫ్రీజర్‌లోంచి తీసిన సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి. డీఎంఎస్‌ఓ ద్రావకంలో అప్పటికప్పుడు కలుపుకోవాలి, మిగిలింది దాచుకుంటే డబ్బు దండగ. అందుకే చిన్న సీసాలే కొనండి. పైపొర తీయడానికి డీటీటీ అనే రసాయనం వాడేవాళ్లయితే గుడ్లని బాగా కడిగాకే ఈ మందు వేయండి. డీటీటీ థయాలే కదా, మందుని ముందే మింగేస్తుంది.