పరీక్షలు బాగున్నాయి, టోకెన్ యంత్రమే మారాలి

తిరుపతిలోని ఒక ప్రైవేటు రక్తపరీక్షల కేంద్రానికి ఈ మధ్య మా అమ్మను రెండుసార్లు తీసుకెళ్లాను. రక్తం తీసేవారి చెయ్యి తేలిక, రిపోర్టు చెప్పిన వేళకే వస్తుంది, కూర్చోవడానికి కుర్చీలు చాలినన్ని ఉన్నాయి. అయితే గుమ్మం పక్కన కొత్తగా పెట్టిన టోకెన్ యంత్రం గురించి మాత్రం వివరంగా రాయక తప్పదు. పొద్దున్నే పరగడుపున వచ్చే పెద్దవాళ్లు మొట్టమొదట నిలబడవలసింది దాని ముందే.

తెర మీద భాష మార్చుకునే మీట కింద మూలన, చిటికెన వేలి గోరంత ఉంది. దాని మీద తెలుగు అన్న మాట కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంది. తెలుగు మాత్రమే చదవగలిగిన మా అమ్మకు ఆ మీట తన కోసమేనని ఎలా తెలుస్తుంది? తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు వాడారు. మామూలు సైజు అక్షరాలకూ వెనకనున్న రంగుకూ మధ్య వెలుగులో కనీసం 4.5:1 నిష్పత్తిలో తేడా (కాంట్రాస్ట్) ఉండాలని వెబ్ ప్రమాణాలు ఏనాడో చెప్పాయి. ఆ నియమం ఇలాంటి తెరలకూ అంతే అవసరం.

అన్నిటికన్నా బాధ కలిగించింది పుట్టిన తేదీ అడిగే చోటు. క్యాలెండరు ఈ నెలతో మొదలవుతుంది, వెనక్కి వెళ్లాలంటే ఒక్కో నెలా నొక్కుకుంటూ పోవాలి. అమ్మ పుట్టింది 1952లో, అంటే ఎనిమిది వందలకు పైగా నొక్కులు! నాలుగు అంకెల సంవత్సరం కొట్టే వీలు ఇచ్చి ఉంటే సరిపోయేది. చివరికి సంవత్సరం నేను తప్పుగానే పెట్టి, కౌంటరులో దిద్దించుకున్నాను. టోకెన్ కోసం ఆఖరి మీట నొక్కాక తెర ఉలకదు, పలకదు. పని జరుగుతోందన్న గుర్తేదీ లేకపోవడంతో అమ్మ మళ్లీ నొక్కింది, రెండు టోకెన్లు వచ్చాయి. తెర జవాబు ఒక సెకను దాటితే మనిషి ఆలోచన తెగుతుందనీ, పది సెకన్లు దాటితే దృష్టే మళ్లిపోతుందనీ యూజబిలిటీ (వాడకంలో సౌలభ్యం) పరిశోధకుడు జేకబ్ నీల్సన్ 1993లోనే రాశారు.

ఇవేవీ దిద్దడానికి ఖరీదైన లోపాలు కావు. ఐదుగురి చేత వాడించి, పక్కన నిలబడి మౌనంగా గమనిస్తే దాదాపు 85 శాతం సమస్యలు బయటపడతాయని అదే నీల్సన్ 2000లో రాశారు. ఐదుగురు చాలరని వాదించిన పరిశోధకులూ ఉన్నారు గానీ, ఇక్కడ ఒక్కరి చేతనైనా, ముఖ్యంగా డెబ్బై దాటిన ఒక్కరి చేతనైనా, వాడించి చూసినట్టు నాకు అనిపించలేదు. నిర్వాహకులు ఒక్క ఉదయం ఆ యంత్రం పక్కన నిలబడి చూడాలని నా మనవి.

ఒక్క మంచి మాట కూడా చెప్పాలి: టోకెన్ నంబరును స్పష్టమైన తెలుగులో రెండుసార్లు పిలుస్తారు, గోడ మీద అంకెలు దూరానికీ కనిపిస్తాయి. యంత్రం బాగుపడేవరకు పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు నేరుగా కౌంటరు దగ్గరే టోకెన్ అడగండి. అడిగితే విసుక్కోకుండా ఇస్తున్నారు.