కంటి గాయంతో బెదిరిన కుక్కపిల్ల: వెంటనే పట్టుకోవాలా, మచ్చికయ్యేదాకా ఆగాలా?

ఒక కన్ను మూసుకుని, నీరు కారుస్తూ, మనిషి అలికిడికే మూలకు నక్కే కుక్కపిల్లకు సాయం చేయాలనుకునేవారి ముందు రెండు దారులుంటాయి. దూరం నుంచే తిండి పెడుతూ, అది తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టడం ఒకటి. బెదిరినా సరే, వీలైనంత నెమ్మదిగా పట్టుకుని అదే రోజు పశువైద్యుని వద్దకు చేర్చడం రెండోది.

గాయమేమీ లేని పిరికి కుక్కపిల్లకైతే మొదటి దారే నిస్సందేహంగా మేలు. గాయం కంటికైనప్పుడు మాత్రం అది చెల్లదు. కంటికి ముందువైపు పారదర్శకంగా ఉండే కార్నియా మందం 1 మిల్లీమీటరు కూడా ఉండదు. దాని పైపొర మాత్రమే గీసుకుపోతే చికిత్సతో సాధారణంగా వారంలోపే మానుతుంది. అదే గీతలో సూక్ష్మజీవులు చేరితే 1, 2 రోజుల్లోనే పుండు లోతుకు దిగి కన్ను చిల్లుపడే ప్రమాదం ఉంది. పైగా నొప్పి భరించలేక కుక్కపిల్ల పంజాతో రుద్దుకుంటూ గాయాన్ని తానే పెంచుకుంటుంది. మచ్చికకు రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. పోయిన నమ్మకాన్ని తర్వాత తిరిగి సంపాదించుకోవచ్చు, పోయిన చూపును తేలేము కనుక రెండో దారినే ఎంచుకోవాలని నా దృఢమైన అభిప్రాయం. కనుగుడ్డు బయటికి పొడుచుకు వచ్చినా, కంటిపై తెల్లని లేదా నీలివన్నె మసక కనిపించినా, గంటలు కూడా ఆగకూడదు.

పట్టుకోవడమంటే తరిమి పట్టుకోవడం కాదు. నలుగురు చుట్టుముట్టడం కన్నా, ఒక్కరే చిన్న గదిలోనో మూసి ఉన్న వరండాలోనో పక్కకు తిరిగి కూర్చుని, దాని కళ్లలోకి చూడకుండా, బాగున్న కన్ను వైపు నుంచి చేయి చాచడం మేలు. గాయపడిన వైపు నుంచి వస్తే అది చూడలేక ఉలిక్కిపడి కరవవచ్చు. మెత్తని తువ్వాలు కప్పి ఛాతీ కింద చేయి వేసి ఎత్తాలి. మెడకు తాడు బిగిస్తే కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి ఆ పని వద్దు. ఒకవేళ కరిస్తే, అది ఎంత చిన్నదైనా సరే, గాయాన్ని 15 నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి రేబిస్ టీకా కోసం ఆలస్యం లేకుండా వైద్యుని కలవాలి.

ఇంట్లో ఉన్న చుక్కల మందు వేసి చూద్దామా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఇది మంచి మనసుతోనే జరిగే పెద్ద కీడు. మనుషులకు రాసిన కంటి మందుల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది; కార్నియాపై పుండున్న కంటిలో అది పడితే పుండు మానదు సరికదా, మరింత ముదురుతుంది. ఎర్రబడిన కంటిని చూసి అందులో పుండు ఉందో లేదో మనం చెప్పలేము. పశువైద్యుడు ఫ్లోరసీన్ అనే రంగు వేసినప్పుడు దెబ్బతిన్న చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. మందు ఎంపిక ఆ తర్వాతే. అంతదాకా మనం చేయగలిగింది శుభ్రమైన 0.9 శాతం సెలైన్‌తో మెల్లగా కడగడమే. గుచ్చుకున్న ముల్లును లాగకూడదు. మనుషుల నొప్పి మాత్రలైన ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ ఇవ్వకూడదు.

వైద్యం మొదలయ్యాక తూకం మళ్లీ ఓపిక వైపు మొగ్గుతుంది. ప్రతిసారీ నేలకు అదిమిపెట్టి మందు వేస్తే, కుక్కపిల్ల సీసా కనిపించగానే దాక్కోవడం నేర్చుకుంటుంది. దానికి బదులు వెనుక కూర్చుని, గడ్డం కింద చేయి ఆనించి, పైనుంచి చుక్క వేసి, వెంటనే ఇష్టమైన తినుబండారం పెట్టడం మంచిది. రోజుకు ఎక్కువసార్లు పట్టుకోవలసి వస్తే అది తట్టుకోలేదనిపిస్తే, చుక్కలకు బదులు ఆయింట్‌మెంట్ కుదురుతుందేమో వైద్యుని అడగండి; అది కంటిలో ఎక్కువసేపు నిలుస్తుంది కనుక తక్కువసార్లు వేస్తే సరిపోతుంది. కన్ను చిల్లుపడిన, లేదా పడేలా ఉన్న స్థితిలో మాత్రం ఆయింట్‌మెంట్ తగదు. కన్ను గీరుకోకుండా మెడకు కట్టిన గరాటు ఆకారపు పట్టీని జాలితో విప్పకండి. ఒక్కసారి గీరుకుంటే చాలు, మానుతున్న పొర ఊడిపోతుంది. కన్ను తెరిచి చూస్తోందని మందు ఆపకుండా, మళ్లీ రంగు పరీక్ష చేయించి, పుండు పూర్తిగా మూసుకుందని వైద్యుడు చెప్పాకే ఆపాలి.