ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్: రోజువారీ సైన్సు ప్రశ్నల కోసం ఏళ్లపాటు వాడాక

తాకకుండానే ఉపరితలపు ఉష్ణోగ్రతను చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును కొన్నేళ్లుగా దాదాపు ఒకే పనికి వాడుతున్నాను: భౌతిక, రసాయన శాస్త్రాలలో పిల్లలూ పెద్దలూ అడిగే రోజువారీ ప్రశ్నలకు జవాబు వెతకడానికి. జ్వరం చూసే రకం కాదిది. తుపాకీ ఆకారంలో ఉండి, సున్నా కంటే తక్కువ నుంచి కొన్ని వందల డిగ్రీల వరకూ కొలిచే రకం. నా అభిప్రాయం ముందే చెబుతాను. తెర మీది అంకెను ఉన్నదున్నట్టు నమ్మేవారికి ఇది తరచూ తప్పుడు జవాబే ఇస్తుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీసేవారికి మాత్రం, ఇంత తక్కువ శ్రమతో ఇన్ని సందేహాలను తేల్చే సాధనం మరొకటి నాకు కనబడలేదు.

ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతకు తగినట్టు పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలను వెలువరిస్తుంది. పట్టకం విడదీసిన సూర్యకాంతిలో ఎరుపు రంగును దాటిన చోట థర్మామీటరు ఉంచి, కంటికి ఏమీ కనబడని అక్కడ కూడా వేడి ఉందని 1800లో ఖగోళ శాస్త్రజ్ఞుడు విలియం హెర్షెల్ గుర్తించినది ఈ జాతి కిరణాలనే. పరికరం ముందున్న కటకం 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలను సెన్సరు మీదికి చేరుస్తుంది. ఎదుటి ఉపరితలపు ఉద్గారత (ఆ ఉష్ణోగ్రత వద్ద వెలువరించగలిగిన గరిష్ఠ కిరణాలలో అది నిజంగా వెలువరించే వంతు) 0.95 ఉంటుందన్న ఊహతో పరికరం ఉష్ణోగ్రతను లెక్కగడుతుంది. నీరు, చెక్క, గోడ, చర్మం, రంగు వేసిన ఇనుము వంటి వాటికి ఈ ఊహ దాదాపు సరిపోతుంది. మెరుగుపెట్టిన లోహానికి అసలే సరిపోదు.

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న, చెక్క తలుపు కంటే దానికున్న లోహపు గడియ ఎందుకు చల్లగా ఉంటుందన్నది. రెండింటికీ గురిపెడితే ఇంచుమించు ఒకే అంకె వస్తుంది. అల్యూమినియం ఉష్ణవాహకత చెక్కకంటే వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ కనుక అది వేలిలోని వేడిని వేగంగా లాగేసుకుంటుందనీ, చర్మం గ్రహించేది వస్తువు ఉష్ణోగ్రతను కాదు, తాను వేడిని కోల్పోయే వేగాన్ననీ చెబితే అడిగినవారు తృప్తిపడతారు. జవాబు ఒప్పే, కానీ మనం చూపిన సాక్ష్యం చెల్లదు. మెరిసే గడియకు గురిపెట్టినప్పుడు పరికరం చదివింది ప్రధానంగా గడియ వెలువరించిన కిరణాలను కాదు, గడియ మీద పడి ప్రతిఫలించిన గది కిరణాలను. గదీ గడియా ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉండటం వల్ల అంకె కుదిరింది. నిరూపణ తేలిక. మెరిసే స్టీలు గిన్నెలో బాగా వేడిగా ఉన్న నీళ్లు పోసి బయటి నుంచి కొలిస్తే, చేయి పెట్టలేనంతగా కాలుతున్న గిన్నె గది కంటే కాస్త మాత్రమే వేడిగా ఉన్నట్టు తెర చూపుతుంది. అదే గిన్నెకు కరెంటు తీగలకు చుట్టే నల్ల టేపు ముక్క అంటించి, టేపు మీద కొలిస్తే నీటి ఉష్ణోగ్రతకు దగ్గరి అంకె వస్తుంది. గడియకు కూడా టేపు అంటించి మళ్లీ కొలిచాకే మొదటి ప్రశ్నకు సరైన సాక్ష్యం దొరికినట్టు. నా మట్టుకు ఈ ఒక్క ప్రయోగం కోసమైనా పరికరం కొనవచ్చు.

రసాయన చర్యల విషయంలో కాస్త మెలకువ కావాలి. వంటసోడాలో వెనిగర్ పోస్తే పొంగే నురగను చూసి, అంత ఉద్ధృతంగా జరిగే చర్య వేడెక్కక తప్పదని చాలామంది అనుకుంటారు. నిజానికి మిశ్రమం చల్లబడుతుంది. యూరియాను నీటిలో కలిపినా చల్లబడుతుంది, నిర్జల (నీటి అంశ లేని) కాల్షియం క్లోరైడును కలిపితే వేడెక్కుతుంది. ఉష్ణగ్రాహక (వేడిని పీల్చుకునే), ఉష్ణమోచక (వేడిని వదిలే) అనే మాటలను పరీక్ష కోసం బట్టీ పట్టిన విద్యార్థి ముందు ఈ రెండు గ్లాసులనూ పక్కపక్కన పెట్టి చూపడం ఎంతో మేలు. అయితే పరికరం నీటి పైపొరను మాత్రమే చూస్తుంది కనుక ముందు బాగా కలియబెట్టాలి, నురగ అణగేదాకా ఆగాలి. మరిగే నీటి మీద కూడా ఇది 100 డిగ్రీలు చూపదు. ఆవిరి కటకం మీద చేరి అంకెను ఇంకా తగ్గిస్తుంది. మంట పెంచినా నీటి ఉష్ణోగ్రత పెరగదని చూపడానికి ముంచి కొలిచే మామూలు థర్మామీటరే మంచిది.

ఫ్యాను గాలిని చల్లబరుస్తుందా అన్న ప్రశ్నకు పొడి గోడనూ తడి గుడ్డనూ ఫ్యానుకు ఎదురుగా ఉంచి కొలిస్తే చాలు: గోడ మారదు, గుడ్డ మీద అంకె దిగుతుంది. అంటే ఫ్యాను గాలిని చల్లబరచదు, తడి ఆరడమే చల్లబరుస్తుంది. ఇక రాత్రిపూట ఆకాశానికి గురిపెట్టడం నాకు ఎప్పటికీ విసుగు పుట్టని పని. పొడిగా, నిర్మలంగా ఉన్న ఆకాశం సున్నాకు చాలా కింద ఉన్నట్టు కనబడుతుంది, మబ్బు అడ్డొస్తే అంకె గబుక్కున పైకి లేస్తుంది; నేల తన వేడిని వెలువరించేది ఆ ఆకాశం వైపే కనుక, మబ్బు పట్టిన రాత్రి చలి ఎందుకు తగ్గుతుందో, నిర్మలమైన రాత్రి గడ్డి మీద మంచు ఎందుకు పడుతుందో వివరించడానికి అంతకన్నా సూటైన దారి లేదు. పగలు మాత్రం సూర్యుడి వైపు గురిపెట్టకూడదు.

విసిగించిన సంగతులు కూడా ఉన్నాయి. ఎర్రని లేజరు చుక్క గురి కోసమే. కొలత జరిగేది దాని చుట్టూ ఉన్న వృత్తమంతటా. నా పరికరంలో దూరానికీ కొలిచే వృత్తపు వెడల్పుకూ ఉన్న నిష్పత్తి 12:1, అంటే 60 సెంటీమీటర్ల దూరంలో అది 5 సెంటీమీటర్ల వెడల్పున్న వృత్తపు సగటును చూపుతుంది. సాగదీసిన రబ్బరు వేడెక్కుతుందని చూపాలనుకుంటే సన్నని రబ్బరు బ్యాండు పనికిరాదు, వెడల్పాటి బెలూను ముక్కను దగ్గర నుంచి కొలవాలి. కిటికీ అద్దం గుండా బయటి వస్తువును కొలవలేము, అద్దపు ఉష్ణోగ్రతే వస్తుంది. చల్లని గదిలోంచి ఎండలోకి తెచ్చిన పరికరం కుదుటపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. చవక రకాలలో అసలు విలువకు రెండు డిగ్రీల తేడా మామూలే కనుక విడి అంకె కంటే రెండు కొలతల మధ్య తేడాను చూడటం నయం. లేజరును ఆపే మీట ఉన్నదాన్ని ఎంచుకుంటే చిన్నపిల్లల చేతికి నిశ్చింతగా ఇవ్వవచ్చు; ఉద్గారతను మార్చుకునే వీలున్న రకానికి కొంచెం ఎక్కువ పెట్టినా ఫరవాలేదు, టేపు అంటించలేని చోట అది పనికొస్తుంది.