చంద్రగిరి గుట్టలా, గుడిమల్లం పొలాలా?

తిరుపతి నుంచి గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర దారుల కోసం చేసిన వెడల్పు టైర్ల సైకిల్) మీద పల్లెదారులు పట్టాలంటే నేను చెప్పేవి రెండు: పడమర చంద్రగిరి, తూర్పున గుడిమల్లం.

చంద్రగిరి వైపు కాళ్లకు పని ఎక్కువ. శ్రీనివాస మంగాపురం దాటి మామిడితోటల మధ్య మట్టిరోడ్డు పట్టుకుంటే ఎత్తుపల్లాలు మొదలవుతాయి. ఎక్కడం కంటే దిగడమే కష్టం. గులకరాళ్ల మీద ముందు బ్రేకు గట్టిగా పట్టారా, చక్రం జారిపోతుంది. ఒంటి బరువు వెనక్కి వేసి, రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా నొక్కాలి. 40 ఎం.ఎం. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు దొరుకుతుంది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత, పెనుకొండ నుంచి విజయనగర రాజధాని తరలివచ్చింది ఇక్కడి చంద్రగిరి కోటకే.

గుడిమల్లం దారి చాలావరకు చదును. స్వర్ణముఖి పక్కన వరి, చెరకు చేలు, దారిలో గాజుపూసలకు పేరున్న పాపానాయుడుపేట. అసలు సంగతి పరశురామేశ్వరాలయం. గర్భగుడి మండపం కంటే పల్లంలో ఉంటుంది. లింగం మీదే నిలబడిన శివుడు, చేతిలో పొట్టేలు, కాళ్ల కింద యక్షుడు. క్రీస్తుపూర్వం నాటిదని చాలామంది పండితుల మాట. ఇంత పాత శిల్పం ఊరి పొలాల మధ్య నేటికీ పూజలందుకోవడం మామూలు విషయం కాదు.

కొత్తవాళ్లను నేను గుడిమల్లమే వెళ్లమంటాను. అలవాటైనవాళ్లకు మాత్రం చంద్రగిరే. ఎటు వెళ్లినా పల్లేరుకాయలు తప్పవు. స్పేర్ ట్యూబు, పంపు ఉంటే టెన్షన్ ఉండదు.