లాయోల్ మడత చాకు: బ్లేడు, ఆరె, బిరడా మర – ఏళ్ల వాడకం తర్వాత

ఫ్రాన్స్ దక్షిణ భాగంలో, అవేరోన్ జిల్లాలో, ఓబ్రాక్ పీఠభూమి మీద లాయోల్ అనే చిన్న ఊరుంది. అక్కడి పనివారు చేతితో తయారుచేసే మడత చాకును, తూలూజ్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో కొని, ఏళ్లుగా రోజూ వాడుతున్నాను. నా చాకులో మూడు పనిముట్లున్నాయి: కార్బన్ ఉక్కు బ్లేడు, తోలుకు చిల్లు పొడిచే ఆరె, సీసా బిరడా తీసే మర. ఆవు కొమ్ముతో చేసిన పిడి పొడవు 12 సెంటీమీటర్లు.

డజను పనిముట్లున్న ఫ్యాక్టరీ చాకులతో పోలిస్తే ఈ మూడూ తక్కువగానే కనిపిస్తాయి. అయితే వీటిలో ప్రతి ఒక్కటీ ఆ ప్రాంతపు అవసరం కొద్దీ వచ్చి చేరిందే. 1829లో పియేర్ జాన్ కల్మెల్స్ అనే పనివాడు ఈ చాకుకు తొలి రూపమిచ్చాడని చెబుతారు. 1840 ప్రాంతంలో పశుకాపరుల కోసం ఆరె చేరింది. పచ్చిమేత ఎక్కువై కడుపు ఉబ్బిన పశువుకు పొట్టలోని గాలి పోయేలా పొడవడానికి దాన్ని వాడేవారట. మన పల్లెల్లో పశువైద్యులు ట్రోకార్ అనే మొనదేలిన పరికరంతో చేసే పని కూడా అదే. బతుకుతెరువుకు పారిస్ వెళ్లి కాఫీ హోటళ్లలో కుదురుకున్న ఓబ్రాక్ వాసుల వల్ల 1880 ప్రాంతంలో బిరడా మర వచ్చింది.

నా చేతిలో ఎక్కువగా పనిచేసేది ఆరె. బెల్టుకు కొత్త రంధ్రం వేయడం, తెగిన చెప్పు పట్టీని మళ్లీ కుట్టుకోవడానికి దారి చేయడం, బిగుసుకున్న తాడు ముడిని విప్పడం, కొబ్బరికాయ కన్ను పొడిచి నీళ్లు వంచుకోవడం వంటి పనులన్నీ దానితోనే సాగుతాయి. చాకు మొనతో ఇవి చేయబోతే మొన విరుగుతుంది, లేదా బ్లేడు మడుచుకుని వేళ్లు తెగుతాయి. ఈ రకం చాకుల్లో తెరిచిన బ్లేడును గట్టిగా బంధించే తాళం ఉండదు, పిడి వీపు పొడవునా పట్టీలా ఉండే స్ప్రింగు బలమే దాన్ని నిలిపి ఉంచుతుంది. పొడిచే పనికి బ్లేడును ఎన్నడూ వాడకూడదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

బిరడా మర తెరిస్తే పిడికి అడ్డంగా నిలుస్తుంది కాబట్టి పిడికిలి నిండుగా పట్టు దొరుకుతుంది. అయితే సీసా మూతికి ఆనించి ఎత్తే మీట లేనందువల్ల మొత్తం బలం చేతినుంచే రావాలి. పాత సీసాల్లో నానిన బిరడాలు సగంలోనే విరిగాయి కూడా. ఇంట్లో ఆ పని పెద్దగా లేనివారు బ్లేడు, ఆరె మాత్రమే ఉన్న చాకు దొరికితే అదే కొనడం మంచిది, ఎందుకంటే పనిముట్టు పెరిగేకొద్దీ పిడి లావై జేబులో బరువుగా తెలుస్తుంది.

బ్లేడు విషయంలో నాకు పూర్తి తృప్తి ఉంది. సానరాయి మీద కాసేపు రుద్దితే చాలు, బాగా మగ్గిన టమాటా తొక్కను కూడా నొక్కకుండా కోస్తుంది. పచ్చి మామిడికాయ కోసి తుడవకుండా వదిలేస్తే మాత్రం నల్లని మరకలు పడతాయి, తడి మిగిలితే తుప్పు కూడా పడుతుంది. ఆ శ్రద్ధ పెట్టలేనివారికి స్టెయిన్‌లెస్ రకం కూడా దొరుకుతుంది. మూసేటప్పుడు బ్లేడును టప్పున వదిలేయకూడదు. వదిలితే అంచు లోపల స్ప్రింగుకు తగిలి చిన్న నొక్కు పడుతుంది. చివరిదాకా వేళ్లతో పట్టుకుని మూయడం అలవాటు చేసుకోవాలి.

కొమ్ము పిడి అందంగా ఉంటుంది, చేతికి వెచ్చగానూ ఉంటుంది, కానీ దాని పోషణ మనమే చూసుకోవాలి. వేసవిలో కర్నూలు తీసుకువెళ్లినప్పుడు ఆ పొడి వేడికి కొమ్ము కొద్దిగా ముడుచుకుని, రివెట్ల తలలు వేలికి తగలసాగాయి. అప్పటినుంచి అప్పుడప్పుడూ కొద్దిగా నూనె రాస్తున్నాను, నీళ్లలో నానబెట్టడం పూర్తిగా మానేశాను. బ్లేడు కీలు కూడా కాలక్రమంలో పక్కలకు స్వల్పంగా కదలడం మొదలైంది. ఒక చాకుల పనివాడు రివెట్టును సన్నగా కొట్టి దాన్ని సరిచేసి ఇచ్చాడు. పిడి నుంచి స్ప్రింగు దాకా దేన్నైనా విప్పి బాగుచేయగల పనివారు ఇప్పటికీ ఉండటమే నా దృష్టిలో ఈ చాకు ధరకు అసలైన సమర్థన.

కొనేముందు జాగ్రత్త అవసరం, ఎందుకంటే లాయోల్ పేరుతో ఇతర దేశాల్లో తయారైన చౌక నకళ్లు కూడా అమ్ముడవుతున్నాయి. స్ప్రింగు కొసన ఉండే తేనెటీగ బొమ్మ మేలైన పనిలో స్ప్రింగుతో కలిసి ఒకే ముక్కగా ఉంటుంది. చౌక వాటిలో విడిగా చేసి అతికిస్తారు. స్ప్రింగు వీపు మీద ఆకురాయితో దిద్దిన నగిషీలో చేతి పనికి సహజమైన చిన్నచిన్న తేడాలు కనిపించాలి. మూసిన బ్లేడు పిడికి సరిగ్గా మధ్యలో ఉందా, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే స్ప్రింగుకూ పిడి లోపలి పక్క రేకులకూ మధ్య సందు లేకుండా ఉందా అన్నవి తప్పక చూడాలి. ఫ్రాన్స్‌లో తగిన కారణం లేకుండా ఇలాంటి చాకును బయట వెంట తిప్పడం చట్టప్రకారం నేరం. స్వదేశానికి తెచ్చేవారు దీన్ని విమానంలో చేతి సంచిలో పెట్టకూడదు, చెక్‌ఇన్ సామానులోనే వేయాలి.